తొమ్మిదో తరగతిలోనే డబ్బు చదువు తప్పనిసరి: విశాఖ హైస్కూళ్ళు సొంతంగా అమలు చేసుకునే పద్ధతి

డబ్బు లెక్కలు రాకుండా పిల్లలు హైస్కూలు దాటకూడదన్న మాటను అమెరికాలో కొన్ని రాష్ట్రాలు చట్టమే చేశాయి. ఫ్లోరిడా 2022లో చట్టం తెచ్చి, 2023–24లో తొమ్మిదిలో చేరినవాళ్ళ నుంచి అర క్రెడిట్ (అర ఏడాది) కోర్సును హైస్కూలు పట్టాకు షరతుగా పెట్టింది. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం 2030–31లో చదువు ముగించే బ్యాచ్ నుంచి వర్తిస్తుంది. మన ఎస్సెస్సీకి అలాంటి షరతు లేదు. రిజర్వు బ్యాంకూ, షేర్ మార్కెట్, బీమా, పెన్షన్లను పర్యవేక్షించే సెబీ, ఐఆర్‌డీఏఐ, పీఎఫ్‌ఆర్‌డీఏ కలిసి నడిపే జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం (ఎన్‌సీఎఫ్‌ఈ) పుస్తకాలు తయారుచేస్తుంది, టీచర్లకు శిక్షణ ఇస్తుంది, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఎన్‌ఫ్లాట్ అనే పరీక్ష పెడుతుంది. అయితే అవన్నీ అడిగిన బడికే వస్తాయి. కాబట్టి గాజువాకలోనో, మధురవాడలోనో ఒక హైస్కూలు ఈ చదువును తప్పనిసరి చేయాలనుకుంటే ఆ పని తనంతట తానే చేసుకోవాలి. హెచ్‌ఎంలు, సోషల్, లెక్కల టీచర్లు, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యులు దీన్ని దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టవచ్చు.

షరతు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు

టీసీకి, హాల్ టికెట్‌కి, మార్కుల మెమోకి ఈ కోర్సును ముడిపెట్టకూడదు. పబ్లిక్ పరీక్షకు కొత్త షరతు చేర్చే అధికారం బడికి లేదు. ఉందనుకుని మొదలుపెడితే మొదటి తగాదాతోనే కార్యక్రమం మూలపడుతుంది. పైగా ఫీజు బాకీకి టీసీ ఆపే అలవాటున్న చోట్ల ఇది ఇంకో సాకుగా మారుతుంది.

బడి చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి: టైంటేబుల్, ప్రోగ్రెస్ కార్డులో ఒక వరుస, హెచ్‌ఎం సంతకంతో ఇచ్చే పూర్తి పత్రం. స్కూల్ కమిటీ సమావేశంలో మూడు వాక్యాల తీర్మానం చాలు. తొమ్మిదో తరగతిలో వారానికి ఒక పీరియడ్ దీనికి కేటాయిస్తాం. ప్రతి విద్యార్థీ ఐదు పనులు పూర్తి చేయాలి. పూర్తికానివారికి ఫిబ్రవరిలో మళ్ళీ అవకాశం ఇస్తాం. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, నకలు ఎంఈవోకు పంపండి. ప్రైవేటు బడి అయితే యాజమాన్యం అదనపు ఫీజు వసూలు చేయదన్న మాటను కూడా అందులోనే రాయించండి.

తొమ్మిదే ఎందుకంటే, పదిలో సంక్రాంతి నాటికే రివిజన్లు, స్టడీ అవర్లు మొదలైపోతాయి. అప్పుడు పరీక్షలో లేని ప్రతి పీరియడ్‌నూ ఎవరో ఒకరు అడిగి తీసుకుంటారు. ఎనిమిదిలో పెడితే చక్రవడ్డీ అప్పుడే నేర్చుకుంటుంటారు, చేయి తిరిగి ఉండదు. జూలై రెండో వారంలో మొదలుపెట్టి జనవరి ఆఖరుకు ముగిస్తే, దసరా, సంక్రాంతి సెలవులూ ఫార్మేటివ్ పరీక్షలూ పోగా 24 పీరియడ్లు దొరుకుతాయి. నెల బడ్జెట్‌కు 4, బ్యాంకుకు 4, వడ్డీకి 6, మోసాలకు 5, పైచదువు అప్పుకు 3, మిగిలిన 2 వెనకబడినవారికి.

మార్కులు వద్దు. మార్కులు పెడితే గైడులోంచి నిర్వచనాలు బట్టీపట్టి వందకు తొంభై తెచ్చుకుంటారు, పాసుబుక్కు చేతికిస్తే మాత్రం ఏ అంకె జమో, ఏది ఖర్చో చెప్పలేరు. ప్రతి పనికీ రెండే ఫలితాలు ఉండాలి: అయింది, ఇంకా కాలేదు. కాకపోతే మళ్ళీ చేస్తారు, ఎన్నిసార్లయినా.

సరంజామా

పిల్లకొక 100 పేజీల నోటుబుక్కు, ఒక క్యాలిక్యులేటర్‌ను ఇద్దరు పంచుకోవడం, పిల్లకు 12 పేజీల జిరాక్సులు. 40 మంది తరగతికి 480 కాపీలు, కాపీ 2 రూపాయల లెక్కన 960 రూపాయలు. ఆ 12 పేజీల్లో ఉండాల్సినవి: బ్యాంకు ఖాతా తెరిచే ఫారం, డిపాజిట్ స్లిప్పు, విత్‌డ్రాయల్ స్లిప్పు, పేరు, నంబరు చెరిపేసిన పాసుబుక్కు పేజీ, బంగారం తాకట్టు రసీదు, చిట్టీ పాసుబుక్కు పేజీ, కరెంటు బిల్లు, మెసేజీల పేజీలు రెండు, అప్పు షరతుల పత్రం, ఖాళీ బడ్జెట్ పట్టికలు రెండు. అసలు కాగితాల నకళ్ళే వాడండి. బోర్డు మీద గీసిన పాసుబుక్కుకూ చేతిలో నలిగిన పాసుబుక్కుకూ చాలా తేడా ఉంది.

సోషల్ టీచరూ లెక్కల టీచరూ కలిసి చెప్పడం మేలు. పది సోషల్‌లో డబ్బు, పరపతి పాఠం ఉంది, ఎనిమిది లెక్కల్లో చక్రవడ్డీ ఉంది. అందుకని కొత్త సిద్ధాంతం చెప్పే అవసరం తక్కువే. పాఠ్యపుస్తకానికీ వీధికీ మధ్య తెగిన దారాన్ని ముడివేయడమే ఇక్కడి పని.

బయటివాళ్ళను పిలవాలంటే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు హెచ్‌ఎం ఉత్తరం రాస్తే ఆర్థిక అక్షరాస్యతా కేంద్రం నుంచి కౌన్సిలర్‌ను పంపమని కోరవచ్చు. అంతకంటే ముందు బడి పక్క వీధిలోని పొదుపు సంఘం లీడరును పిలవండి. అప్పు తీర్మానం ఎలా రాస్తారు, ఒక సభ్యురాలు వాయిదా తప్పితే మిగతా తొమ్మిది మందీ ఏం చేస్తారు అన్నది ఆమె చెప్పినంత బాగా ఏ మేనేజరూ చెప్పలేరు. పాలసీలు, ఫండ్లు, ట్రేడింగ్ కోర్సులు అమ్మేవాళ్ళను మాత్రం గేటు దాటనివ్వకండి. ‘ఉచిత అవగాహన సదస్సు’ అంటూ వచ్చి చివర్లో తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు రాసుకుని వెళ్తారు. పిల్లల నంబర్ల జాబితా బయటికి ఇవ్వకూడదని ముందే రాతపూర్వకంగా పెట్టుకోండి.

మొదటి పని: నెల బడ్జెట్

‘మీ ఇంటి ఆదాయం ఎంత’ అని ఎప్పుడూ అడగకండి. నాన్నకు పని లేదని నలుగురిలో చెప్పుకోవాల్సి వచ్చిన పిల్ల మరుసటి వారం ఆ పీరియడ్‌కు రాదు. అందరికీ ఒకే ఊహాకుటుంబాన్ని ఇవ్వండి. ఉదాహరణకు ఆటో నడిపే తండ్రి, బట్టలు కుట్టే తల్లి, ఇద్దరు పిల్లలు. పెట్రోలు పోగా చేతికొచ్చేది నెలకు 26,000. అద్దె 6,500, బియ్యం సరుకులు 6,000, కూరలూ పాలూ 3,500, చేపలూ మాంసం 1,500, కరెంటు 900, గ్యాస్ 900, బడి ఖర్చులు 1,000, ఫోన్ రీఛార్జీలు 700, చిట్టీ 2,000, బంగారం తాకట్టు వడ్డీ 1,000. మొత్తం 24,000. మిగిలేది 2,000.

ఇక్కడితో ఆపేస్తే అది కూడికల పాఠమే అవుతుంది. రెండో పీరియడ్‌లో ఒక్కో జట్టుకు ఒక్కో కష్టం చీటీ ఇవ్వండి: ఆటో మరమ్మతు 4,500, సంక్రాంతికి బట్టలు, ఊరి ప్రయాణం 6,000, అమ్మకు జ్వరం, పరీక్షలకు 3,200, తుఫానుకు నాలుగు రోజులు బండి తీయలేదు. ఏ ఖర్చు తగ్గిస్తారు, ఏది వాయిదా వేస్తారు, ఎవరి దగ్గర ఎంతకు తెస్తారు అన్నది జట్టు రాసి చూపాలి. చాలామంది మొదట చిట్టీ ఆపేస్తామంటారు. పాట పాడేసుకున్న చిట్టీ ఆపడం అంటే అప్పు ఎగ్గొట్టడమేనని అప్పుడు చెప్పండి, బుర్రకెక్కుతుంది.

ఫిషింగ్ హార్బరు, జాలరిపేటల వైపు బడుల్లో ఆటో కుటుంబం బదులు వేటకు వెళ్ళే కుటుంబాన్ని తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆదాయం పది నెలలది, తిండి పన్నెండు నెలలది. ఇలాంటి ఇంటికి నెల బడ్జెట్ పనికిరాదు, సంవత్సరం పట్టిక గీయించాలి. నిజానికి నెలజీతం లేని ఏ ఇంటికైనా ఈ పట్టికే సరైనది. పాఠ్యపుస్తకాల బడ్జెట్లన్నీ ఒకటో తారీఖు జీతం పడేవాళ్ళ కోసం రాసినవే.

చేతిలో కొంత నగదు ఎందుకో కూడా ఇక్కడే చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు నడవలేదు. ఈ పిల్లలు అప్పటికి ఊహ తెలియని పసివాళ్ళు. యూపీఐ ఎప్పుడూ పలుకుతుందనే వాళ్ళ నమ్మకం. వారం రోజుల ఖర్చు నోట్ల రూపంలో ఇంట్లో ఉండాలన్నది ఈ ఊళ్ళో అతిజాగ్రత్త కాదు.

అయిందనడానికి గుర్తు: పట్టిక కూడిక సరిపోవాలి, కష్టం చీటీకి పరిష్కారం ఉండాలి, తెచ్చిన అప్పు తిరిగి ఎన్ని నెలల్లో తీరుతుందో రాసి ఉండాలి.

రెండో పని: ఖాతా

రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం పదేళ్ళు నిండిన పిల్లలు తమ పేరనే పొదుపు ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చు. పరిమితులు, కార్డు, ఫోన్ బ్యాంకింగ్ ఇవ్వాలా వద్దా అన్నది ఆయా బ్యాంకు ఇష్టం. ఖాతాలో ఉన్నదాని కంటే ఎక్కువ తీయడం మాత్రం కుదరదు. పోస్టాఫీసులోనూ పదేళ్ళు నిండినవారు సొంతంగా ఖాతా తెరవవచ్చు, 500 రూపాయలతో.

అసలు చిక్కులు కౌంటరు దగ్గర వస్తాయి. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, లేదా పేరు వెనక్కి వెళ్ళి ఉంటుంది. పుట్టిన తేదీ బడిలో చేర్చేటప్పుడు జూన్ నెలకు సర్ది రాసి ఉంటారు. ఫారం నింపే ముందే ప్రతి పిల్ల నోటుబుక్కులో మూడు నిలువు గళ్ళు గీయించండి: బడి రికార్డు, ఆధార్, జనన ధ్రువపత్రం. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు మూడింట్లో ఎలా ఉన్నాయో యథాతథంగా దించుకోవాలి. తేడా ఉంటే తొమ్మిదిలోనే దిద్దించాలి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) వెళ్ళిపోయాక బడి రికార్డు మార్చడం పెద్ద ప్రయాస. పదిహేను నిండినవాళ్ళు ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప మళ్ళీ ఇచ్చి రావాలని అదే పేజీలో రాయించండి.

రెండో చిక్కు స్కాలర్‌షిప్పులది. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే జాతీయ స్కాలర్‌షిప్పు పరీక్ష రాసి గెలిచిన పిల్లకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 వస్తుంది. ఆధార్ ఇచ్చి ఖాతా తెరిచినంత మాత్రాన ఆ డబ్బు పడదు, ఏ ఆధార్‌కు ఏ బ్యాంకులో డబ్బు వేయాలో చూపే ఎన్‌పీసీఐ మ్యాపర్ అనే జాబితాలో ఆ ఖాతా ఆధార్‌తో జతపడి ఉండాలి. రెండు ఖాతాలుంటే చివరగా జతచేసిన దానికే పోతుంది. ‘డబ్బులు పడలేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం, ఎవరూ చూడని పాత ఖాతాలో అవి పడి ఉండటమే. ఏ బ్యాంకు జతపడి ఉందో మైఆధార్ సైటులో, రిజిస్టరు అయిన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో చూసుకోవచ్చు. తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాకు వెళ్తుంది కాబట్టి ఇదే తనిఖీ తల్లి ఖాతాకూ చేయించండి. ఇంటి పనిగా ఇస్తే చాలు.

ఖాతా తెరవడాన్నే షరతు చేయకండి. ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు, కాగితాలు లేకపోవచ్చు. ఫారం తప్పుల్లేకుండా నింపడం, నకలు పాసుబుక్కు పేజీలో ఆరు ప్రశ్నలకు జవాబు చెప్పడం చాలు. పద్దెనిమిది నిండాక కొత్త సంతకం, కేవైసీ ఇవ్వకపోతే ఖాతా ఆగిపోతుందన్నది ఆరో ప్రశ్నగా ఉండాలి. ఇంటర్ ముగిసి కౌన్సెలింగ్ ఫీజు కట్టే వారంలోనే ఇది బయటపడుతుంది మరి.

మూడో పని: వడ్డీ

కోర్సు మొత్తానికి ఇదే గుండెకాయ, అందుకే ఆరు పీరియడ్లు.

మొదట భాష. వీధిలో ‘నూటికి మూడు’ అంటే నెలకు. బ్యాంకులో ‘పదకొండు శాతం’ అంటే ఏడాదికి. ఏది తక్కువ అని తరగతిలో అడిగితే సగానికి పైగా మూడు అంటారు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. పది వేలకు ఏడాదిలో 3,600 వడ్డీయే కట్టి, అసలు అలాగే ఉంటుంది. ప్రతి రేటునూ ఏడాదికి మార్చి పక్కపక్కన రాయడం అలవాటయ్యేదాకా వేరే లెక్కకు వెళ్ళకండి.

తర్వాత డైలీ ఫైనాన్స్. పది వేలు రాసుకుని, ముందే 1,500 కోసి, 8,500 చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు. పిల్లలు 15 శాతం అంటారు. రెండు తప్పులు దిద్దాలి. వాళ్ళ చేతికొచ్చింది 8,500. అది కూడా రోజూ తగ్గుతూ, సగటున అందులో సగమే, 4,250 దాకా వాడుకుంటారు. 4,250 మీద వంద రోజులకు 1,500 అంటే 35 శాతం. ఏడాదికి 120 శాతం పైమాటే. పూర్ణా మార్కెట్‌లో తోపుడుబండి మీద రోజుకు పది వేల సరుకు తిప్పేవాళ్ళకు ఇది గిట్టుబాటు కావచ్చు, ఫ్రిజ్ కొనడానికి మాత్రం కాదు. అప్పు చెడ్డదని నీతి చెప్పి వదిలేయకండి. ఏ పనికి ఏ రేటు తట్టుకుంటుందన్నది పిల్లలే తేల్చాలి.

చిట్టీకి ఒక పీరియడ్ పూర్తిగా ఇవ్వండి, ఎందుకంటే ఇళ్ళలో ఉన్నది అదే, పుస్తకాల్లో లేనిదీ అదే. 20 మంది, 20 నెలలు, నెలకు 5,000, లక్ష చిట్టీ. ఒక నెల పాట 25,000 తగ్గింపుకు పోయిందనుకోండి. పాడుకున్నవారికి 75,000 వస్తుంది. ఆ 25,000లో నిర్వాహకుడి కమిషన్ లక్ష మీద 5 శాతం, అంటే 5,000 పోగా మిగిలిన 20,000 ఇరవై మందికీ తలా వెయ్యి. ఆ నెల అందరూ కట్టేది 4,000. తరగతిలో చీటీలతో మూడు నెలలు ఆడించండి. మొదటి నెల పాడినవాళ్ళు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవాళ్ళు పొదుపు చేసినట్టు అని ఎవరో ఒకరు తామే కనిపెడతారు. చిట్‌ఫండ్స్ చట్టం 1982 నాటిది. కమిషన్ గరిష్ఠంగా 7 శాతమని 2019 సవరణ. చిట్టీ రిజిస్టరు అయిందా అన్న ప్రశ్నకు జవాబు రిజిస్ట్రేషన్ శాఖలో దొరుకుతుంది, నిర్వాహకుడి మాటలో కాదు.

పొదుపు వైపు నెలనెలా కట్టే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) ఒక్కటి చాలు. నెలకు 100, ఐదేళ్ళు, 6.7 శాతం లెక్కన కట్టింది 6,000, వచ్చేది సుమారు 7,137. బ్యాంకులో డిపాజిట్‌కు ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంటుందని, ఏజెంటు తెచ్చిచ్చే బాండు కాగితానికి అది ఉండదని ఇక్కడే చెప్పండి. అగ్రిగోల్డ్ పేరు చెబితే ఇంట్లో పెద్దవాళ్ళు మిగతాది చెబుతారు. నమోదు లేకుండా డిపాజిట్లు తీసుకోవడాన్ని 2019 చట్టం నిషేధించింది. అనుమానం వస్తే రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లో చూడవచ్చు, ఫిర్యాదూ ఇవ్వవచ్చు.

అయిందనడానికి: మూడు అప్పుల షరతులు ఇస్తే ఏడాది రేటులోకి మార్చి, చౌక నుంచి ఖరీదుకు వరసగా పెట్టాలి. అందులో ఒకదానికి ముందస్తు కోత ఉండి తీరాలి.

నాలుగో పని: మోసాలు

పన్నెండు మెసేజీలు ఇచ్చి నిజమైనవి, మోసాలు విడదీయమనండి. నాలుగైనా నిజమైనవి ఉండాలి, లేకపోతే అన్నీ మోసమే అని రాసేస్తారు. పెళ్ళిపత్రిక, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చి, నొక్కితే ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్ళు, పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయన్న డిజిటల్ అరెస్టు కాల్, ఐదు నిమిషాల్లో అప్పు యాప్, డబ్బు రావడానికి పిన్ కొట్టమనడం తప్పక ఉండాలి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

అప్పు యాప్‌లకు మూడు పరీక్షలు: అప్పిచ్చే బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) పేరు ఉందా, ఏడాది రేటుతో అప్పు ముఖ్య వివరాల పత్రం (కేఎఫ్‌ఎస్) ఇచ్చారా, ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు అడుగుతున్నారా. మొదటి రెండింట్లో దేనికైనా లేదని గానీ, మూడోదానికి అవునని గానీ వస్తే అక్కడితో ఆపేయాలి.

పిల్లలే నేరస్థులయ్యే దారి ఒకటుంది, దాన్ని విడిగా చెప్పాలి. ‘నీ ఖాతా వాడుకుంటాం, నెలకు కొన్ని వేలు ఇస్తాం’ అనే స్నేహితుడి స్నేహితుడు. ఆ ఖాతాలో పడేది ఎవరో పోగొట్టుకున్న డబ్బు, పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు దగ్గరికే. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు కూడా తరగతిలో చెప్పదగ్గదే. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్ళిన యువకులతో అక్కడ సైబర్ మోసాలు చేయించారు.

ఇక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసే సాధన. నిజంగా చేయకూడదు, ఒకరు పోలీసు, ఒకరు బాధితుడు. చేతిలో సిద్ధంగా ఉండాల్సినవి: ఖాతా ఉన్న బ్యాంకు, పోయిన మొత్తం, సమయం, ఆ చెల్లింపుకు వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరు. పిల్లలు సమయమంతా ‘ఎలా జరిగిందంటే’ అన్న కథకే పెట్టేస్తారు, నంబరు అడిగితే వెతుక్కుంటారు. రెండు నిమిషాల్లో నాలుగూ చెప్పగలిగితే అయినట్టు. మన ప్రమేయం లేకుండా, బ్యాంకు తప్పూ కాకుండా మూడోవాళ్ళ వల్ల పోతే మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవారికి నష్టం ఉండదని, ఓటీపీ మనమే చెప్పేస్తే బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనదేనని 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు 30 రోజుల్లో పట్టించుకోకపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు.

ఐదో పని: పైచదువు అప్పు

ఇంటర్ తర్వాత చాలా ఇళ్ళు చేసే మొదటి పెద్ద అప్పు ఇది. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళ ఇంజినీరింగ్, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు కాలం, ఆపై ఒక ఏడాది కట్టక్కర్లేదు. వడ్డీ మాత్రం ఆగదు. మొదటి లక్షకు ఐదేళ్ళ వడ్డీ 50,000, రెండోదానికి 40,000, తర్వాత 30,000, 20,000. బారువడ్డీ లెక్కనే 1,40,000. కట్టడం మొదలయ్యేసరికి అప్పు 5,40,000. పదేళ్ళకు నెలకు సుమారు 7,140. ఈ అంకె పక్కన, ఆ కాలేజీలో చదివినవారికి మొదటి ఉద్యోగంలో చేతికొచ్చే జీతం ఎంత అన్న ప్రశ్న రాయించండి. జవాబు కాలేజీ కరపత్రంలోంచి తీసుకోకూడదు, ఆ కాలేజీలో చదివిన ముగ్గురిని అడిగి తేవాలి. నాలుగు లక్షల లోపు అప్పుకు సాధారణంగా తాకట్టు అడగరని, దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో చేసుకోవచ్చని చెబితే చాలు.

షేర్ల గురించి అడుగుతారు, ఫోన్లలో చూసేది అదే కాబట్టి. షేర్ల మీద ముందస్తు పందేల్లాంటి ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఎఫ్‌అండ్‌ఓ)లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ తేల్చింది. ఆ అంకె బోర్డు మీద రాసి ముందుకు వెళ్ళండి.

ఫిబ్రవరి, ఆపైన

జనవరి ఆఖరుకు 40 మందిలో కొందరికి ఒకటో రెండో పనులు మిగిలే ఉంటాయి, ఎక్కువగా వడ్డీదే. వాళ్ళను విడిగా కూర్చోబెట్టి అవే కాగితాలు మళ్ళీ ఇవ్వకండి, అంకెలు మార్చి ఇవ్వండి. అప్పటికే చేసేసినవాళ్ళను పక్కన కూర్చోబెడితే పని త్వరగా అవుతుంది, సంతకం మాత్రం టీచరుదే. ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యతా వారం కూడా జరుపుతుంది కనుక పూర్తి పత్రాలు ఆ వారం ఇవ్వవచ్చు.

కాగితాల్లో అంకెలు ఏటా పాతబడతాయి. పోస్టాఫీసు వడ్డీని మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. యూపీఐలో ఒకరు మరొకరిని డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్ట్ 2025 అక్టోబరు నుంచి ఆగిపోయింది, పాత పాఠాల్లో ఇంకా అదే ప్రధాన ఉదాహరణ. అందుకని జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఇద్దరు టీచర్లు కూర్చుని ప్రతి అంకె పక్కనా తేదీ వేసి, మారినవి కొట్టేసి, ఆ తర్వాతే కొత్త జిరాక్సులు తీయించాలి.